పాతబండియు నొక పాఠశాలయే

"క్రొత్తొక వింత, పాతొక రోత" యని మనలో నొక సామెత కలదు. మోటారు బండ్ల విషయమున ఈ సామెత నూటికి నూరుపాళ్లు నిజమగుచున్నది. క్రొత్త కారు వీథిలోనికి వచ్చినచో పిల్లలందఱు దాని చుట్టును మూగుదురు. పదియేండ్లు గడచిన పిమ్మట అదే కారు ఇంటివారికి బరువగును. ఇరువది యేండ్లు గడచినచో పాత ఇనుము కొట్టునకు చేరును. ఇన్నేండ్ల కాలములో దాని లోపల ఏమి జరుగుచుండెనో, అది ఎట్లు నడచెనో, ఎందులకు నిలిచిపోయెనో తెలిసికొనిన వారు ఆ యింట ఒక్కరును ఉండరు.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. పాత మోటారు బండ్లమీద మన బాలబాలికలకు ఆసక్తి కలిగినచో పెద్దలు దానిని అణచివేయరాదు. సరియైన త్రోవలో పెట్టి పెంపొందింపవలెను. తెలుగు బోధించు మాకు కార్ల ప్రసంగమేల యని కొందఱు తలిదండ్రులు నవ్వవచ్చును. ఈ వ్యాసమును తుదివరకు చదివినచో సమాధానము వారికే తోచునని మా నమ్మకము.

మన హోసూరు ప్రాంతపు ఇండ్లలో తఱచుగా వినవచ్చు బెదిరింపు ఒకటి కలదు. "చదవకపోతే మెకానిక్కు షెడ్డులో చేరుస్తా, చూసుకో!" ఈ మాటలో రెండు అన్యాయములు ఇమిడియున్నవి. వైద్యుడు నాడి చూచినట్లు ఇంజను చప్పుడు విని లోపమును కనిపెట్టగల పనివానిని అవమానించుట మొదటిది. చేతితో నేర్చునది శిక్షయే కాని విద్య కాదని పసివాని మనస్సున నాటుట రెండవది. 1980 ప్రాంతము నుండి టీ.వీ.యస్. మోపెడ్లును, అశోక్ లేలాండ్ లారీలును తయారగుచున్న ఊరిలో ఈ మాట మఱింత వింతగా నున్నది. యంత్రములు చేయు ఊరిలో పుట్టిన పిల్లలకు యంత్రమనిన చులకన నేర్పుట మనకు తగునా?

మొదట పాతబండి యనగా ఏదియో చూతము. మన దేశమున 2021వ సంవత్సరము జూలై నెలలో కేంద్రప్రభుత్వము మోటారు వాహనముల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను నాటి నుండి ఏబది సంవత్సరములు గడచిన కార్లకును ద్విచక్ర వాహనములకును "వింటేజి" యను ప్రత్యేక స్థానము కల్పించినది. చట్రము, పైతొడుగు, ఇంజను మొదలగు ముఖ్యభాగములు మార్పు చెందకుండ ఉన్న బండ్లకే ఈ గౌరవము. వాటి సంఖ్యాఫలకముమీద "వీ.ఏ." యను గుర్తు ఉండును. ప్రదర్శనలకును, ర్యాలీలకును, మరమ్మతులకును వాటిని రోడ్డుమీదికి తేవచ్చునే కాని ప్రతిదినపు ప్రయాణములకు గాని, బాడుగకు గాని వాడరాదు. అనగా పాతబండి రక్షింపదగిన వస్తువని ప్రభుత్వమే ఒప్పుకొనినది.

ఇంతటి వయస్సు లేకున్నను మన తరమువారికి ఆత్మీయములైన బండ్లు మఱికొన్ని కలవు. బ్రిటిషువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాతో హిందూస్థాన్ మోటార్సువారు బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివరినుండి 2014 వరకు తయారు చేసిన అంబాసిడరు అట్టిది. ఇటలీ దేశపు ఫియట్ కారునుండి పుట్టిన ప్రీమియర్ పద్మిని మఱియొకటి. ముంబయి వీథులలోని పద్మిని టాక్సీలు 2023లో సెలవు తీసికొనినవి. మన మదరాసునకు చేరువనే 1961 నుండి పదియేండ్లపాటు స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు తయారయ్యెనని నేటి పిల్లలలో ఎందఱకు తెలియును? తాతగారి పెండ్లి ఊరేగింపు జరిగిన కారు పేరేమో అడిగినచో వారి నోట మాట రాదు.

ఇక రెండవ తెగ బండ్లు అమెరికాలో పుట్టిన "హాట్ రాడ్" బండ్లు. పాత కారును చౌకగా కొని, ఇంటి పెరటిలోనే విప్పి, అనవసరపు బరువును తొలగించి, ఇంజనునకు బలము కూర్చి, తన బుద్ధికొలది మలచుకొనిన బండికి ఆ పేరు. ఇది ధనికుల విలాసము కాదు. చేతిలో డబ్బు లేని పడుచువారి కల్పన. హెన్రీ ఫోర్డు కంపెనీ 1908 నుండి 1927 వరకు ఒక కోటి ఏబది లక్షలకు మించిన "మోడల్ టీ" కార్లు తయారు చేసెను. అవి పాతబడి ఊరూర చవుకగా దొరకసాగెను. 1932లో అదే కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్యుడు కొనగల ధరకు అమ్మెను. దాని బలము 65 గుఱ్ఱముల శక్తి. ఆ ఇంజనులును, ఆ తేలిక బండ్లును కాలిఫోర్నియా కుఱ్ఱవారి చేతికి చిక్కగానే క్రొత్త విద్య యొకటి ఆరంభమయ్యెను.

వారు తమ బండ్లను ఎచ్చట పరుగెత్తించిరి? మ్యూరాక్ వంటి ఎండిన చెఱువుల మీద. రాయి రప్ప లేక మైళ్లకొలది బల్లపరుపుగా ఉండు ఆ నేలలే వారి పరీక్షాశాలలు. బండ్లకు కాలపరీక్ష సక్రమముగా జరుగుటకై 1937లో దక్షిణ కాలిఫోర్నియాలోని కుఱ్ఱవారి క్లబ్బులన్నియు చేరి ఒక సంఘముగా ఏర్పడెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత సైన్యము నుండి తిరిగివచ్చిన యువకులు అనేకులు అచ్చట నేర్చిన యంత్రవిద్యను ఈ పనికి ఉపయోగించిరి. కాని అందఱును ఎండిన చెఱువులకు పోలేదు. కొందఱు ఊరి నడివీథులలోనే పందెములు వేసిరి. జనులు భయపడిరి, పత్రికలు దూషించినవి, హాట్ రాడ్ అనిన పోకిరితనమని పేరు పడెను.

ఇచ్చటనే మన తలిదండ్రులు గమనింపదగిన విషయము ఉన్నది. ఆ దేశమున నిషేధింపుడని కేకలు వేసినవారు లేకపోలేదు. కాని కొందఱు పెద్దలు మఱియొక త్రోవ ఎన్నుకొనిరి. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ అనునతడు ఈ విద్య కొఱకే "హాట్ రాడ్" అను పత్రికను స్థాపించెను. ఆ పత్రికతో సంబంధముగల వాలీ పార్క్స్ 1951లో జాతీయ హాట్ రాడ్ సంఘమును నెలకొల్పెను. బండికి భద్రతా పరీక్ష, చోదకునికి శిరస్త్రాణము, పందెమునకు మూసిన బాట: ఇవి ఆ సంఘము విధించిన కట్టుబాట్లు. 1954 నుండి ఆ సంఘపు కార్యకర్తలు కొందఱు కారునకు బండి తగిలించుకొని ఊరూర తిరిగి, పోలీసులతోను పురప్రముఖులతోను మాటలాడి, క్షేమముగా పోటీలు జరుపు పద్ధతిని నేర్పిరి. 1955లో కాన్సాసు రాష్ట్రమున గ్రేట్ బెండ్ అను ఊరి విమానాశ్రయపు బాటమీద వారి మొదటి జాతీయ పోటీ జరిగెను. ఉత్సాహమును చంపక దానికొక చోటును, ఒక నియమమును చూపుటయే వారు చేసిన మేలు.

ఆ దేశమున బాలుర ఆసక్తిని పెంచిన మఱియొక ఏర్పాటును గూడ చెప్పవలసియున్నది. జనరల్ మోటార్సు సంస్థకు చెందిన ఫిషర్ బాడీవారు 1930 నుండి 1968 వరకు బాలుర కొఱకు ఒక శిల్పుల సంఘమును నడపిరి. పిల్లలు ఇంట కూర్చుండి కొయ్యతోను, మట్టితోను తమ ఊహలోని బండి నమూనాను చేసి పంపవలెను. గెలిచినవారికి కళాశాల చదువునకు విద్యార్థి వేతనము లభించును. 1947లో మొదటి బహుమతి పొందిన చార్లెస్ జోర్డాన్ అను యువకుడు క్రమముగా ఎదిగి 1986లో జనరల్ మోటార్సు సంస్థ ఆకృతి రచనా విభాగమునకు ఉపాధ్యక్షుడయ్యెను. పందెముతో గాని, పెట్రోలుతో గాని నిమిత్తము లేక, ఒక చెక్కముక్కయు ఒక చాకుయు మాత్రమే పెట్టుబడిగా మొదలైన జీవనమది. నేటికిని కాన్సాసు రాష్ట్రములోని మెక్‌ఫర్సన్ కళాశాలలో పాతకార్లను పునరుద్ధరించు విద్యను నాలుగేండ్ల పట్టభద్ర చదువుగా బోధించుచున్నారు. 1976లో అచ్చట ఈ విద్యకు అంకురార్పణము జరిగినది. మన ఇండ్లలో బెదిరింపుగా వినబడు షెడ్డు, అచ్చట స్నాతకోత్సవము జరుగు చదువు.

దూరపు కొండలు నునుపని ఎవరైనను అనవచ్చును. పెరటి చెట్టు మందునకు పనికి రాదనుకొను అలవాటు మనకున్నది గాని, మన పెరటిలోనే ఇంతకు మించిన చెట్టు కలదు. కోయంబత్తూరునకు చేరువనున్న కలంగల్ గ్రామమున 1893లో తెలుగు మాటలాడు కుటుంబమున జి.డి. నాయుడుగారు జన్మించిరి. పడుచుదనమున ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారు సైకిలును చూచి వారి మనస్సు దానిమీద లగ్నమయ్యెను. కూలిపని చేసి, భోజనశాలలో పనిచేసి, డబ్బు కూడబెట్టి ఆ బండినే కొనిరి. కొని చేసిన మొదటి పని యేమి? దానిపై ఊరేగుట కాదు. దానిని పూర్తిగా విప్పి, ఒక్కొక్క భాగమును పరిశీలించి, తిరిగి కూర్చుట. ఆ చేతులే 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చికిని పళనికిని నడుమ రవాణా సంస్థను మొదలుపెట్టినవి. మన దేశమున తయారైన మొదటి విద్యుత్తు మోటారులలో ఒకటి 1937లో వారి కృషివలననే వెలువడినది. 1974లో వారు కీర్తిశేషులైరి. వారి పేరనున్న సంస్థ కోయంబత్తూరు అవినాశి రోడ్డులో పాతకార్ల ప్రదర్శనశాల నొకదానిని నడపుచున్నది. పెద్ద పట్టములు లేని ఒక తెలుగువానికి ఒక పాత మోటారు సైకిలు విశ్వవిద్యాలయమైన వైనము ఇది.

ఆ ఊరివాడే యైన కరివర్ధన్ వృత్తాంతము దీనికి కొనసాగింపు. రెండవ యుద్ధకాలపు విమానముల బాట యొకటి మదరాసు దగ్గఱ షోలవరమున ఉండెను. యుద్ధానంతరమున అది కార్ల పందెములకు వేదిక అయ్యెను. అమెరికా కుఱ్ఱవారికి ఎండిన చెఱువు ఎట్టిదో, దక్షిణదేశపు యువకులకు షోలవరము అట్టిది. విదేశములనుండి పందెపు కార్లను తెప్పించుకొనలేనివారు ఇంటి బండ్లనే విప్పి మార్చి అచ్చటికి తెచ్చెడివారు. 1980ల చివర కరివర్ధన్ మన వీథులలో తిరుగు మారుతి కారు ఇంజనునే తీసికొని, ఒక్కరు కూర్చుండు తేలిక పందెపు బండిని రూపొందించెను. తక్కువ ఖర్చుతో పందెము నేర్చుకొనుటకు యువకులకు మార్గము దొరకెను. 1995లో ఆతడు అకాల మరణము నొందెను. కోయంబత్తూరు దగ్గఱ 2003లో తెఱచిన పందెపుబాటకు ఆతని పేరే పెట్టిరి. ఆ ఊరివాడే యైన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొనిన మొదటి భారతీయు డయ్యెను. ఇటీవలి సంవత్సరములలో ఇంజనీరింగు విద్యార్థులు తామే రూపొందించి తామే తయారు చేసిన బండ్లతో "ఫార్ములా భారత్" అను పోటీలో ఆ బాటమీదనే పాల్గొనుచున్నారు.

హైదరాబాదు నగరమున ఇంకొక వింత కలదు. పాత ఇనుముతో బండ్లు చేయుటయందు బాల్యమునుండి అభిరుచి గల కె. సుధాకర్ అను తెలుగువారు బూటువలెను, క్రికెట్టు బ్యాటువలెను, కప్పువలెను ఆకారములు గల కార్లను తయారుచేసి, జంతుప్రదర్శనశాల సమీపమున ప్రదర్శనకు పెట్టిరి. వారు చేసిన పెద్ద మూడుచక్రముల సైకిలు 2005లో గిన్నిస్ గ్రంథమున చోటు సంపాదించినది. అదే నగరమున చౌమహల్లా ప్రాసాదములో నిజాము ప్రభువుల పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు మెఱయుచున్నది. ఒకటి రాజు కొనినది. ఒకటి సామాన్యుడు పనికిరాని ఇనుమునుండి పుట్టించినది. పిల్లలను ఈ రెంటికిని తీసికొనిపోయి, దేనియెదుట ఎక్కువసేపు నిలుతురో చూడుడు.

ఇక పాతబండి నిజముగా నేర్పు పాఠమేమో విచారింతము. నేటి బండి మూత తెఱచినచో నల్లని పెట్టెలును, తీగలును కనబడును. 2020 ఏప్రిల్ నుండి పొగ నిబంధనలు కఠినమైన పిమ్మట చిన్న మోటారు సైకిళ్లలో గూడ పెట్రోలు కొలత ఎలక్ట్రానిక్ యంత్రము చేతికి పోయినది. గాలికి అది మంచిదే. కాని అందు జరుగు పని కంటికి కనబడదు. పాత అంబాసిడరు మూత తెఱచినచో పుస్తకము తెఱచినట్లే. ఇదిగో కార్బొరేటరు. దాని సన్నని గొంతు గుండ గాలి వేగముగా పోవునప్పుడు అచ్చట పీడనము తగ్గును. తగ్గినందువలన పెట్రోలు చిన్న రంధ్రముగుండ పైకెగసి తుంపరలై గాలితో కలియును. ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు బరువున సుమారు పదునైదు పాళ్ల గాలి కావలెను. ఈ సూత్రములను పాఠ్యపుస్తకమున వల్లించు విద్యార్థి ఒక్కమాఱు ఆ గొంతులోనికి తొంగిచూచినచో జీవితమున మఱచిపోడు.

లెక్కయు ఉన్నది. పీల్చుట, నొక్కుట, మండుట, వదలుట యను నాలుగు పనులకు ఇంజను ఇరుసు రెండుమాఱులు తిరుగవలెను. నిమిషమునకు 3000 మాఱులు తిరుగు ఇంజనులో ఒక్కొక్క సిలిండరునందు నిమిషమునకు 1500 మాఱులు నిప్పురవ్వ పుట్టవలెను. నాలుగు సిలిండర్లకు కలిపి 6000. అనగా క్షణమునకు నూరు రవ్వలు. ఈ నూరు రవ్వలకు ఆధారమైన చిన్న పాయింటు తెఱచుకొను ఎడము మిల్లీమీటరులో పదింట నాలుగు పాళ్లు మాత్రమే. ఆ ఎడము కొంచెము తప్పినచో బండి దగ్గును, మూలుగును, నిలిచిపోవును. "కొంచెము తప్పైతే ఏమి?" అని లెక్కల ఉపాధ్యాయుని అడుగు బాలునికి ఇంతకంటె మంచి సమాధానము ఏ గురువు చెప్పగలడు? పాతబండి అబద్ధము చెప్పదు, మార్కులు ఉదారముగా వేయదు. పని సరిగా జరిగినచో కదలును, లేనిచో కదలదు.

ఇప్పుడు తెలుగునకు వత్తము. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది ఈ తమిళ దేశమున తెలుగు బోధించుచున్న మాకు దినదినమును కనబడు విషయమిది. మన పిల్లలకు ఇంట తెలుగు, వీథిలో తమిళమో కన్నడమో, యంత్రము దగ్గఱ ఆంగ్లపు మాటలు. అందువలన తెలుగు అనిన పద్యమునకును, పండుగకును, అమ్మమ్మతో మాటలకును మాత్రమే పనికివచ్చునని వారి మనస్సున ఒక భావము కుదురుకొనుచున్నది. ఏ భాషలో పిల్లవాడు తన చేతిపనిని వర్ణింపలేడో, ఆ భాష క్రమముగా వానికి పండుగనాటి పట్టుబట్ట యగును. ప్రతిదినము కట్టుకొను బట్ట కాదు. పెట్టెలో మడత పెట్టిన బట్టకు పురుగు పట్టుట ఎంతసేపు?

మన భాషకు బండి క్రొత్తది కాదు. ఇరుసు, కందెన, కడచీల, నొగ, కాడి, చక్రపు ఆకులు: ఇవన్నియు మన తాతల బండ్ల మాటలే. గ్రీజు అనగా ఏమని అడిగిన బాలునికి "కందెన వంటిది" యని చెప్పినచో వానికి వెంటనే తెలియును. తాత ఎడ్లబండి ఇరుసునకు పూసిన నల్లని కందెన వాని ఊరిలో ఇంకను ఎవరో ఒకరి జ్ఞాపకమున ఉండును. ప్లగ్గు, పాయింటు, క్లచ్చి, కార్బొరేటరు అను మాటలను మార్చవలసిన పని లేదు. రోడ్డు, రైలు మనవి యైనట్లే అవియు మనవి కాగలవు. కావలసినది వాటిని కలిపి తెలుగు వాక్యమును కూర్చు శక్తి. "బండి ఎందుకు నిలిచిపోయినది?" అను ప్రశ్నకు తెలుగున పది వాక్యములు తప్పులేకుండ వ్రాయగల విద్యార్థి, రేపు దరఖాస్తునైనను, పత్రికలో వ్యాసమునైనను వ్రాయగలడు. కార్యకారణములను క్రమముగా చెప్పుటయే గదా గద్యరచన యనగా. తెలుగు ఉపాధ్యాయులు కార్ల ప్రసంగము చేయుటకు కారణమిదియే.

తలిదండ్రుల శంకలు మాకు తెలియును. మొదటిది ప్రాణభయము. ఇది న్యాయమైన భయమే. సైలెన్సరు ఊడదీసి, అర్ధరాత్రి వీథులు అదరగొట్టుచు, శిరస్త్రాణము లేక ముగ్గురెక్కి పరుగెత్తు వారిని మేము సమర్థించుటలేదు. వారికిని హాట్ రాడ్ విద్యకును సంబంధము లేదు. వారు ఒక భాగమును ఊడదీసిరే కాని, ఒక భాగమునైనను అర్థము చేసికొనలేదు. మన చట్టమును ఇచ్చట స్పష్టముగా చెప్పవలెను. మోటారు వాహన చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించిన స్వరూపమునకు విరుద్ధముగా బండిని మార్చి రోడ్డుమీద నడపరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దీనిని నొక్కి చెప్పినది. మైనరు బాలుడు బండి నడపి నేరము చేసినచో 2019 నాటి సవరణ ప్రకారము సంరక్షకునికో బండి యజమానికో 25,000 రూపాయల జుల్మానాయు, మూడేండ్ల వరకు కారాగారమును విధింపవచ్చును. కనుక హైస్కూలు విద్యార్థికి మేము ఈయగోరునది తాళపుచెవి కాదు, పానా.

రెండవ శంక ఖర్చు. పాతకారును కొనుమని మేము ఎవరికిని చెప్పుటలేదు. నడవని పాత స్కూటరు ఇంజను ఒకటి తూకమునకు దొరకును. చూచుటకు ధర లేదు, అడుగుటకు పన్ను లేదు. మూడవ శంక పొగ. పాతబండి క్రొత్తదానికంటె ఎక్కువ పొగ వదలును. అందు నడుమున కట్టు పట్టీ లేదు, ప్రమాదమున కాపాడు గాలిసంచి లేదు. ఇది నిజము. కావుననే దానిని నిత్యవాహనముగా గాక పాఠముగా చూడుమనుచున్నాము. పాతదానిలోని కొఱతను కన్నులార చూచినవాడే క్రొత్తదానిలోని మేలును గుర్తించును. రేపటి విద్యుత్తు బండిని బాగుచేయవలసినవారును ఈ పిల్లలే. లోపమును ఓర్పుతో వెదకు అలవాటు పెట్రోలునకును విద్యుత్తునకును ఒక్కటే.

నాలుగవ మాట ఆడపిల్లలను గూర్చి. ఇది మగపిల్లల పని యని ఎవరైనను అనినచో వారికి జర్మనీదేశపు బెర్తా బెంజ్ కథ చెప్పుడు. మోటారు కారును నిర్మించిన కార్ల్ బెంజ్ భార్య ఆమె. 1888 ఆగస్టులో ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు చెప్పకయే, మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా ఆ బండిలో ప్రయాణము చేసెను. లోకమున మొదటి దూరపు కారుప్రయాణము అదియే. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీ సూదితో పొడిచి శుభ్రపఱచెను. ఇంధనము అయిపోగా ఒక మందుల అంగడిలో కొనెను. బ్రేకులు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను. బండిని కనిపెట్టినది భర్త యైనను, అది లోకమునకు పనికివచ్చునని చూపినది ఆ యిల్లాలు.

ఇక చేయవలసిన పనులు. తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఒక్కొక్కరు తమ ఊరిలోని ఒక పాతబండిని ఎన్నుకొని, అది ఏ సంవత్సరమున వచ్చెను, ఎవరు కొనిరి, ఎన్ని మాఱులు ఆగెను, ఎవరు బాగుచేసిరి యను చరిత్రను తెలుగున రెండు పుటలు వ్రాయవలెను. బాగుచేసినవారు తమిళమున చెప్పినను, కన్నడమున చెప్పినను మన విద్యార్థి తెలుగున వ్రాయును. రెండు మూడు భాషల నడుమ పెరుగుట కష్టము కాదు, కలిమి యని అప్పుడు వానికి బోధపడును. వాటిలో మంచివానిని ఈ పత్రికలో అచ్చువేయుట న్యాయము.

నెలకొక శనివారము, పెట్రోలు పూర్తిగా తీసివేసిన పాత స్కూటరు ఇంజను నొకదానిని ఉపాధ్యాయుని ఎదుట విప్పి, ప్రతి భాగమును బొమ్మ గీసి, పేరు వ్రాసి, తిరిగి కూర్చవలెను. విప్పుట అందఱకును వచ్చును. తిరిగి కూర్చుటయే విద్య. చేతికి తొడుగులు, కంటికి అద్దములు తప్పనిసరి. జాకీ ఒక్కటే మోయుచున్న కారు క్రిందికి ఎన్నడును దూరరాదు. పాతబండ్ల బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక ఆ ధూళిని ఊదరాదు. పెట్రోలు ఆవిరియు, బ్యాటరీ ఆమ్లమును పసివారి ఆటవస్తువులు కావు.

ఏడాదికొకమాఱు మన ఊరి మెకానిక్కును పాఠశాలకు అతిథిగా పిలిచి, కుర్చీ వేసి కూర్చుండబెట్టి, పూలమాల వేసి ఆయన మాటలు వినవలెను. కార్బొరేటరు చప్పుడు వినియే మందు చెప్పగల తరము వయసు మీరుచున్నది. వారి విద్య పుస్తకములలో లేదు, వారి వ్రేళ్లకొనలయందున్నది. వారు పోయిన పిమ్మట వెదకిన దొరకదు. విహారయాత్రకు పోవునప్పుడు కోయంబత్తూరులోని కార్ల ప్రదర్శనశాలను గూడ చేర్చుకొనవలెను. చిన్న తరగతులవారికి మట్టి, చెక్క, రేకు డబ్బాలతో బండి నమూనాలు చేయు పోటీ పెట్టవలెను.

తలిదండ్రులకు మా మనవి ఒకటి. పదవ తరగతి ముగిసిన పిమ్మట మీ కుమారుడో కుమార్తెయో మోటారు మెకానిక్కు విద్య నేర్తుననినచో ముఖము చిట్లింపకుడు. ఐ.టి.ఐ.లలో ఆ విద్యకు రెండేండ్ల శిక్షణ కలదు. ఆపైన డిప్లొమాకును, ఇంజనీరింగునకును త్రోవలు ఉన్నవి. అందఱును ఆ త్రోవ పట్టవలెనని మేము అనము. వైద్యుడగువానికిని, గుమాస్తా యగువానికిని, తెలుగు పండితుడగువానికిని గూడ, చేతితో ఒక వస్తువును బాగుచేసిన అనుభవము ఒక్కటి ఉన్నచో, పనిచేయువారియెడ గౌరవము కలుగును.

విద్యార్థులారా, మీ వీథి చివర దుమ్ముపట్టి నిలిచిన పాతబండి యొకటి తప్పక ఉండును. దానిని పరిహసింపకుడు, రాళ్లు వేయకుడు. యజమాని అనుమతి అడిగి, మూత తెఱపించి, ఒక భాగము చూపి "ఇదేమిటి?" అని ప్రశ్నింపుడు. దొరకిన సమాధానమును తెలుగున వ్రాసి మాకు తెచ్చి చూపుడు. మొదటి వాక్యము తప్పులతో ఉన్నను వెఱవకుడు, దిద్దుటకే మేమున్నాము.